‘చెప్పులేసుకుని తిప్పమ్మా’ అన్నది నేనే

సంపాదకులకు నమస్కారం.

అద్దె ఇళ్ల గురించి పేపర్లో వచ్చే ఉత్తరాలు ఎక్కువగా అద్దెకున్నవాళ్లు రాసినవే. ఓనరు అడ్వాన్సు తిరిగివ్వలేదనో, నీళ్లు సరిగా వదలడం లేదనో రాస్తారు. ఇది ఓనరు రాస్తున్న ఉత్తరం. ఇందులో ఫిర్యాదంటూ ఉంటే అది నా మీదే.

నేను ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కింద నేనుంటాను, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తాను. మా ఆయన ఉన్నంతకాలం ఇంటి రిపేర్లన్నీ ఆయనే చూసుకునేవారు. ఆయన పోయాక నా నెత్తిన పడ్డాయి. పైపు లీకైతే కనిపిస్తుంది, గోడ పగిలితే కనిపిస్తుంది, వాటిని నేను బాగానే చూసుకున్నాను. గోడ లోపల ఉండే కరెంటు వైరింగ్‌ని చూడలేదు.

పైన ఎడమవైపు పోర్షన్లో ఉండే అమ్మాయి ఒకరోజు మెట్లు దిగొచ్చి, "ఆంటీ, బాత్రూంలో ట్యాప్ పట్టుకుంటే జివ్వుమంటోంది" అంది.

"గీజర్ వేసినప్పుడేనా?"

"అవునాంటీ."

"అయితే గీజర్ కట్టేసి తిప్పమ్మా" అన్నాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి, "చెప్పులేసుకుని తిప్పమ్మా" అన్నాను. మూడోసారి ఆ అమ్మాయి రాలేదు. వాళ్లాయన ఫోన్ చేశాడు. ఎలక్ట్రీషియన్ని పంపిస్తానన్నాను, పంపలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ మర్చిపోలేదు. అద్దెకున్నవాళ్లు చిన్నదాన్ని పెద్దది చేసి చెబుతారన్న అభిప్రాయం నా మనసులో ఒక మూల ఉంది. మూడుసార్లు చెప్పించుకుంటే గానీ పని చేయించకూడదన్నట్టు ప్రవర్తించాను.

ఫోన్ వచ్చిన పది రోజులకు పైనుంచి కేక వినపడింది. ఆ అమ్మాయి వాళ్లత్తగారు చూడడానికి వచ్చి ఉన్నారు. ఆవిడకి ఈ గీజర్ సంగతి ఎవరూ చెప్పలేదు, తడి చేత్తో ట్యాప్ తిప్పారు. నేను పైకి వెళ్లేసరికి బాత్రూం గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, అది తనది కానట్టు చూసుకుంటున్నారు. వెనక్కి పడడంలో మణికట్టు విరిగింది. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. ట్యాప్ కట్టడానికి మాత్రం ఎవరూ దగ్గరికి వెళ్లడం లేదు. కొడుకూ కోడలూ నా వైపు చూశారు. నేను మెయిన్ ఆపడానికి కిందికి పరిగెత్తాను. అక్కడ వరసగా ఆరేడు స్విచ్చులున్నాయి. ఏది వాళ్లదో నాకు తెలియలేదు. నా ఇంట్లో, నా బోర్డు ముందు, ఏది ఆపాలో తెలియక అన్నీ కిందికి లాగేశాను.

ప్రాణం మీదికి రాలేదు. ఆవిడ మణికట్టు ఎముక అతుక్కుంది. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

ఆ మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచాను. మా ఇంటికి ఎప్పటినుంచో వచ్చే అతన్ని పిలవలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. నా దగ్గర చదువుకున్న ఒకతను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. అతను ఇద్దరు కుర్రాళ్లతో వచ్చాడు. గీజర్ చూస్తాడనుకున్నాను. అతను గీజర్ దగ్గరికి పోకుండా ముందు మెయిన్ బోర్డు మూత విప్పాడు. టార్చి వేసి చూసి, "టీచర్, దీన్ని డైరెక్ట్ చేసిందెవరు?" అన్నాడు.

బోర్డులో ఆర్‌సీసీబీ అని ఒక స్విచ్చు ఉంటుంది. మిగతా వాటికంటే వెడల్పుగా, మీద ‘టీ’ అక్షరమున్న చిన్న బటన్‌తో ఉంటుంది. మాకూ ఉంది. కాకపోతే దాని లోపలికి వచ్చే వైర్లనూ బయటికి పోయే వైర్లనూ విప్పి, ఒకదానికొకటి మెలిపెట్టి, టేపు చుట్టేసి ఉన్నాయి. కరెంటు దాని పక్కనుంచి పోతోంది. స్విచ్చు మాత్రం బోర్డులో అందంగా కూర్చుని ఉంది.

ఎవరు చేశారో నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ పోర్షన్లో అస్తమానం కరెంటు పోయేది. పొద్దున్నే గీజర్ వేసే వేళకి ఆ స్విచ్చు టక్కున పడిపోయేది. అప్పట్లో వేరేవాళ్లుండేవారు. రోజూ ఫోన్లు. విసిగిపోయి మా పాత ఎలక్ట్రీషియన్ని పిలిచి, "ఎలాగోలా ఇది పడిపోకుండా చెయ్యి బాబూ" అన్నాను. అతను పది నిమిషాల్లో చేసిపెట్టాడు. ఆ తర్వాత ఒక్కసారీ పడలేదు. మంచి పనివాడని పక్కింటావిడకి కూడా చెప్పాను. తప్పు చేసింది అతనే అయినా చేయించింది నేను. అందుకే అతన్ని మళ్లీ పిలవడానికి మొహం చెల్లలేదు.

నా శిష్యుడు చెప్పింది విన్నాక నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఆర్‌సీసీబీ చేసేది కూడికలూ తీసివేతలే. ఫేజు వైరులో ఎంత కరెంటు వెళ్లింది, న్యూట్రల్ వైరులో ఎంత తిరిగొచ్చింది అని చూసుకుంటూ ఉంటుంది. రెండూ సమానమైతే ఊరుకుంటుంది. తేడా వచ్చిందంటే ఆ తేడా ఇంకో దారిన, అంటే గీజర్ బాడీ మీదుగానో మనిషి మీదుగానో భూమిలోకి పోతోందన్నమాట. ఇళ్లలో పెట్టేవాటికి ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి కరెంటు తెంపెయ్యాలి. అందుకు సెకనులో మూడో వంతు కూడా పట్టకూడదు. రెండేళ్ల కిందట అది రోజూ పడిపోతూ చెప్పింది ఇదే: గీజర్ రాడ్డు పాడవుతోంది, లెక్క సరిపోవడం లేదు అని. లెక్కల టీచర్ని, లెక్క తప్పిందని చెప్పినదాని నోరు నొక్కేశాను.

"మరి పక్కన ఎంసీబీలున్నాయి కదా, అవెందుకు పడలేదు?" అని అడిగాను. ఇది నాలాంటి ఓనర్లందరికీ ఉండే అనుమానమే. లోడు ఎక్కువైతే పడిపోయే ఆ చిన్న స్విచ్చులు, ఎంసీబీలుంటే చాలనుకుంటాం. గీజర్‌కి పెట్టిన ఎంసీబీ 20 ఆంపియర్లది. అంటే 20,000 మిల్లీ ఆంపియర్లు దాటితే గానీ దానికి పట్టదు. తడిసిన మనిషి శరీరం అడ్డుపడే నిరోధం సుమారు 1000 ఓములనుకుందాం. 230 వోల్టులని 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ. ఎంసీబీ లెక్కలో మాత్రం అది ఏ మూలకీ రాదు. మనిషి మీదుగా కరెంటు పోతున్నంతసేపూ అది హాయిగా ఆన్‌లోనే ఉంటుంది. ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడడానికి. మనిషిని చూసేది ఆర్‌సీసీబీ. ఇన్నేళ్లు ఓమ్ నియమం లెక్కలు పిల్లల చేత చేయించాను. నా ఇంటి బోర్డు ముందు ఎప్పుడూ చేసుకోలేదు.

గీజర్ సాకెట్టు విప్పితే ఆకుపచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, లోపలికి వచ్చి ఉంది గానీ దేనికీ కలపలేదు. కొస కత్తిరించి, వెనక్కి మడిచి, గోడ డబ్బాలో కుక్కేశారు. ఆ వైరు ఎర్త్ పిన్నుకి కలిసి ఉంటే, లీకయిన కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా దానిగుండా భూమిలోకి పోయేది. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టాం కదా, ఎర్త్ ఉన్నట్టేనని మనం అనుకుంటాం. పిన్ను పెట్టే కన్నం ఉంటుంది, ఆ కన్నం వెనక ఏముందో విప్పితే గానీ తెలియదు.

ఆ రోజు మొత్తం పట్టింది. గీజర్ ఒక్కటే బాగుచేసి పొమ్మనలేదు, రెండు పోర్షన్లూ నేనుండేదీ మొత్తం చూడమన్నాను. కుడివైపు పోర్షన్లో వాషింగ్ మెషిన్ పెట్టే సాకెట్టు విప్పి నన్ను పిలిచాడు. అక్కడసలు ఎర్త్ వైరే రాలేదు. న్యూట్రల్ పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకి బొటనవేలంత వైరు ముక్క కలిపేసి ఉంది. ఇది చాలా చోట్ల చేస్తారట. మూడు లైట్లు వెలిగే చిన్న ప్లగ్ టెస్టరు ఉంటుంది చూడండి, అది పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే చూపించింది. ఆ టెస్టరుకి ఎర్త్ వేరు, న్యూట్రల్ వేరు అని తెలియదు. ఎక్కడైనా న్యూట్రల్ వదులై ఊడిందనుకోండి, మెషిన్ ఆన్‌లో ఉంటే చాలు, కరెంటు ఆ ముక్క మీదుగా మెషిన్ బాడీకంతటికీ వచ్చేస్తుంది. బట్టలు తీయడానికి మూత మీద చెయ్యి వేసినవాళ్ల సంగతి ఆలోచించండి. అక్కడున్నది ఇద్దరు చంటిపిల్లల తల్లి.

ఇక మనందరి జేబులో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టరు. దాంట్లో లైటు వెలిగిందంటే ఫేజు ఉందని అర్థం, అంతే. ఎర్త్ ఉందో లేదో, న్యూట్రల్ గట్టిగా ఉందో లేదో అది చెప్పలేదు. మా పాత ఎలక్ట్రీషియన్ ప్రతిసారీ దాన్నే పెట్టి "అంతా ఓకే అమ్మా" అనేవాడు.

ఏసీ సంగతి వేరే. అంతకుముందున్నవాళ్లు బెడ్రూంలో ఏసీ పెట్టుకున్నారు. ఆ గదికి ఉన్నది లైట్లకీ ఫ్యాన్లకీ వేసిన సన్న వైరు. ఎంసీబీ పడిపోతోందని వాళ్లెవరో దాన్ని తీసేసి 32 ఆంపియర్లది పెట్టించారు. అప్పటినుంచి పడడం మానేసింది, వైరు వేడెక్కడం మొదలైంది. సాకెట్టు వెనక వైరు మీది తొడుగు నల్లబడి, వేలితో నొక్కితే పెళుసుగా రాలిపోయింది. "ఎంసీబీ వైరుకి తగ్గది ఉండాలి టీచర్, లోడుకి తగ్గది కాదు" అన్నాడు నా శిష్యుడు. ఈ ఒక్క మాట ప్రతి ఎలక్ట్రికల్ షాపులోనూ గోడ మీద రాసి పెట్టాలి.

తర్వాత అన్ని పరికరాలూ, బల్బులూ తీయించి, మెగ్గర్ అనే మీటరు పెట్టి వైరింగ్‌లోకి 500 వోల్టులు పంపి చూశారు. వైర్ల మీది తొడుగు కరెంటుని ఎంత బాగా ఆపుతోందో అది చెబుతుంది. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఒక లైనులో అందులో ఐదో వంతు కూడా రాలేదు. వెతగ్గా వెతగ్గా, గోడలో చెమ్మ దిగిన చోట టేపు చుట్టిన అతుకు దొరికింది. ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత సంగతి మరీ అన్యాయం. ఆవరణలో టైల్స్ వేయించినప్పుడు దాని మీద కూడా వేసేశారు. వేయించింది నేనే. అది ఎక్కడుందో గుర్తుచేసుకోవడానికే గంట పట్టింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఇల్లు పాడుబడ్డ ఇల్లు కాదు. రంగులు కొత్తవి, తలుపులు బాగుంటాయి, చూడ్డానికి వచ్చినవాళ్లు ముచ్చటపడి వెంటనే అడ్వాన్సు ఇచ్చేవారు. అద్దెకు వచ్చేవాళ్లు ట్యాపులు తిప్పి చూస్తారు, తలుపు గడియలు వేసి చూస్తారు, సెల్ సిగ్నల్ వస్తోందో లేదో చూస్తారు. స్విచ్చులు కూడా వేస్తారు. లైటు వెలిగితే కరెంటు బాగున్నట్టే. వాళ్లు గోడలు విప్పి చూడలేరు, ఆ హక్కూ లేదు. గోడ నాది. అందులో ఉన్న వైరూ నాదే.

మా మేనల్లుడు ఇంగ్లండులో అద్దెకుంటాడు. ఈ గొడవంతా ఫోన్లో చెబితే, తాను ఇంట్లో దిగకముందే ఓనరు కరెంటు తనిఖీ రిపోర్టు చేతికిచ్చాడని చెప్పాడు. అక్కడ 2020లో రూలు తెచ్చారు. అద్దెకిచ్చే ఇంట్లో కనీసం ఐదేళ్లకోసారి అర్హత ఉన్న మనిషి చేత వైరింగ్ పరీక్ష చేయించాలి. కొత్తగా వచ్చేవాళ్లకి దిగకముందే, అప్పటికే ఉన్నవాళ్లకి తనిఖీ జరిగిన 28 రోజుల్లోగా ఆ రిపోర్టు ఇవ్వాలి. ప్రమాదమని తేలినవాటిని 28 రోజుల్లో బాగుచేయించాలి, రిపోర్టులో ఇంకా తొందరగా చెయ్యమని రాస్తే అంత తొందరగా. చేయించకపోతే స్థానిక అధికారులు జరిమానా వేస్తారు. స్కాట్లండులోనైతే 2015 నుంచే ఉంది. వాడు ఆ రిపోర్టు ఫొటో పంపాడు. లోపాలకు అందులో గుర్తులుంటాయి. సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం ఉంది. సీ2 అంటే ప్రమాదం కావచ్చు. సీ3 అంటే మెరుగుపరిస్తే మంచిది. మా ఇంటికి వేసుకుంటే గీజర్ సాకెట్టు తప్పకుండా సీ1. వాషింగ్ మెషిన్‌ది ఏదో మా శిష్యుడినే అడిగాను. "మార్కులు మీరే వేసుకోండి టీచర్" అన్నాడు.

మన దగ్గర ఏముందని చూస్తే, 2021లో కేంద్ర ప్రభుత్వం నమూనా అద్దె చట్టం ఒకటి ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అది నమూనానే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. దాని రెండో షెడ్యూల్లో ఎవరి పని ఏదో రాశారు. ఇంటి లోపలా బయటా వైరింగ్, దాని నిర్వహణ ఓనరువి. స్విచ్చులు, సాకెట్ల రిపేర్లు అద్దెదారువి. అంతవరకూ సరే. గీజర్ రిపేరూ, సర్క్యూట్ బ్రేకర్ రిపేరూ కూడా అద్దెదారువే అని ఉంది. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే ఇదే లెక్క. ఇక్కడే నాకు పేచీ. మా పైవాళ్ల ప్రాణం ఆ బ్రేకరు మీదే ఆధారపడి ఉంది. దాన్ని పనికిరాకుండా చేయించింది నేను, వాళ్లు ఇంట్లో దిగకముందే. అది ఉత్తుత్తిగా కూర్చుందని వాళ్లకెలా తెలుస్తుంది? బల్బు మార్చుకున్నట్టు మార్చుకోమంటే ఎలా? పైగా ‘అవసరమైనప్పుడు’ వైరింగ్ చూడాలని ఉంది గానీ, ఫలానా గడువులోగా పరీక్ష చేయించాలని లేదు. అవసరమైందని మాకు తెలిసేది మణికట్టు విరిగాకే.

అదే చట్టంలో ఒక మంచి ఏర్పాటు కూడా ఉంది. ఓనరు తాను చేయించాల్సిన రిపేరు చేయించనంటే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చుని అద్దెలో మినహాయించుకోవచ్చు, ఒక నెలలో సగం అద్దెకు మించకుండా. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేది. తెలిసినా చేసేది కాదేమో. ఇల్లు ఖాళీ చెయ్యమంటానని భయం. నేను అలా అనే మనిషిని కానని నాకు తెలుసు, వాళ్లకి తెలియదు కదా.

నాకు తెలిసిన ఓనర్లతో ఈ సంగతి మాట్లాడాను. ఒకాయన, "ఇరవై ఏళ్లుగా ఏం కాలేదు, ఇప్పుడేమవుతుంది?" అన్నారు. ఇరవై ఏళ్లుగా కాలేదంటే వైరుకి ఇరవై ఏళ్లు వచ్చాయని కదా అర్థం. ఇంకొకావిడ అడిగిన ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు. "మనం అన్నీ సరిచేసి ఇస్తాం. వాళ్లు ఒక్క సాకెట్టుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ఇస్త్రీపెట్టె, హీటరు, మైక్రోవేవ్ అన్నీ దానికే తగిలిస్తారు. అప్పుడు తప్పెవరిది?" అంది. నిజమే, మా ఇంట్లో 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించింది అద్దెకున్నవాళ్లే. కానీ వాళ్లు ఖాళీ చేసిన రోజు బోర్డు విప్పించి ఉంటే నాకు తెలిసేది. నేను గోడల మీద మేకుల కన్నాలు లెక్కపెట్టి అడ్వాన్సులో కోసుకున్నాను. బోర్డు వైపు చూడలేదు. ఇచ్చేటప్పుడు ఒక రిపోర్టు, ఖాళీ చేసేటప్పుడు ఒక పరీక్ష ఉంటే తప్పెవరిదో కాగితమే చెబుతుంది. అది ఓనరుకీ రక్షణే.

మా అగ్రిమెంటు తీసి చదివాను. పదకొండు షరతులున్నాయి. గోడలకు మేకులు కొట్టరాదు అన్నది నాలుగోది. గేటు ఎన్నింటికి వెయ్యాలో ఉంది. కరెంటు అనే మాట ఒక్కచోటే ఉంది, బిల్లు అద్దెదారు కట్టుకోవాలని. నేనే రాయించాను.

అద్దె అగ్రిమెంటు రిజిస్టరు చేసేటప్పుడు, లైసెన్సున్న మనిషి సంతకం పెట్టిన వైరింగ్ పరీక్ష కాగితం జతచేస్తేనే తీసుకోవాలని ప్రభుత్వం రూలు పెట్టాలని నా విన్నపం. ఐదేళ్లకోసారి చాలు. మధ్యలో అద్దెవాళ్లు మారితే ఆర్‌సీసీబీ, ఎర్త్, సాకెట్లు మాత్రం మళ్లీ చూడాలి. కాగితం ఊరికే సంతకం పెట్టి అమ్ముకునేది కాకూడదు. ఏ లైనులో మెగ్గర్ రీడింగ్ ఎంత, ఎర్త్ ఎన్ని ఓములు, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లలో పడింది, ఈ అంకెలుండాలి. అంకెలు లేని రిపోర్టు, స్టెప్పులు లేని లెక్కలాంటిది. నేనైతే సున్నా వేసేదాన్ని. తనిఖీకి వచ్చే రోజు అద్దెవాళ్లకి ముందు చెప్పాలి. ఇరవై నాలుగు గంటల ముందు తెలియజెయ్యాలని ఆ నమూనా చట్టంలోనే ఉంది. మా పైవాళ్లు ఒక పూటంతా ఫ్యాన్లు లేకుండా కూర్చున్నారు, విసుక్కోలేదు.

మీ పత్రికకు కూడా ఒక మాట. ఇల్లు తగలబడిన వార్త రాసినప్పుడల్లా చివర్లో, షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తేలింది అని ఉంటుంది. అక్కడితో వార్త అయిపోతుంది, పిడుగు పడిందన్నట్టు. షార్ట్ సర్క్యూట్ ఆకాశంలోంచి ఊడిపడదు. ఆ ఇల్లు సొంతమా అద్దెదా, ఆ వైరింగ్ చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు, ఆర్‌సీసీబీ ఉందా, ఉంటే డైరెక్ట్ చేసి ఉందా అని మీ విలేకరులు అడిగితే బాగుంటుంది. ఓనర్లం పేపరు చదువుతాం. మా పేరు రాకపోయినా మా సంగతే అని మాకు తెలుస్తుంది.

అద్దెకున్నవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే ఒక పని చెయ్యండి. బోర్డులో ఆ ‘టీ’ బటన్ వెతికి నొక్కండి. టక్కున పడి ఇంట్లో కరెంటు పోవాలి. పడకపోతే, పడినా లైట్లు వెలుగుతూనే ఉంటే, ఆ రోజే ఓనరుకి చెప్పండి. పడినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, ఆ బటన్ ఎర్త్‌ని పరీక్షించదు. బటనే కనిపించకపోతే ఆ స్విచ్చు మీకు లేనట్టే లెక్క, పెట్టించమని అడగండి. ట్యాప్ పట్టుకుంటే జివ్వుమందంటే మాత్రం చెప్పులేసుకోకండి. ఆ గీజర్ లైను బోర్డు దగ్గరే ఆపేసి, మెట్లు దిగి ఓనరు దగ్గరికి వెళ్లండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, తేదీ ఉంటుంది. మా పైవాళ్లు నాకు నోటితోనే చెప్పారు. అందుకే ఎన్నిసార్లు చెప్పారో ఈ రోజు నేను ఒప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియదు.

ఆ అమ్మాయి కుటుంబం ఆర్నెల్లు ఉండి, ఉద్యోగం మారి వెళ్లిపోయారు. కోపంతో వెళ్లలేదనే అనుకుంటున్నాను. వెళ్లే రోజు వాళ్లత్తగారు కూడా వచ్చారు. కుడి చేత్తోనే నాకు నమస్కారం పెట్టబోయి, అది పూర్తిగా పైకి లేవక, ఎడమ చెయ్యి కూడా కలిపారు.

పోయిన నెల కొత్తవాళ్లు దిగారు. తాళాలతో పాటు రెండు కాగితాల రిపోర్టు చేతిలో పెట్టాను. ఆ అబ్బాయి చూసి, "ఇదేంటి ఆంటీ, పాత కరెంటు బిల్లా?" అన్నాడు. మెట్ల మీదే నిలబడి అంతా చదివి వినిపించాను. రెండో పేజీలో ఒకటి మిగిలింది, బాల్కనీ లైటు హోల్డరు పగిలి ఉంది, మార్చాలి అని. "మరి ఇది మార్చారా?" అన్నాడు. మార్చలేదు. గురువారం వచ్చి మార్చి వెళ్లారు, ఆ లైనుకి ఎదురుగా తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఇట్లు,
ఒక ఇంటి యజమానురాలు, రిటైర్డు లెక్కల టీచరు
(పేరు ప్రచురించవద్దని మనవి)